కట్టె, బంతి, గోలు – హాకీ ఆట ఎట్లా ఆడతారు?



ఈరోజు మాట పంటల గురించి కాదు. మందుల గురించీ కాదు. ఆట గురించి. "మాకు ఆటలెందుకు? కలుపు తీసే పని ఉంది, ఆవులకు నీళ్ళు పెట్టే పని ఉంది" అని కొందరు అనుకోవచ్చు. నిజమే. కానీ మీ ఇంట్లో ఆడబిడ్డ ఉంది. ఆ బిడ్డ బడికి పోతుంది. ఒకనాడు డ్రిల్ అయ్యోరు ఇంటికి వస్తాడు. "అమ్మా, మీ పాప బాగా పరిగెత్తుతుంది. హాకీ నేర్పిస్తాం. పోటీలకు పంపించండి" అంటాడు. ఆ మాటకు అవునని చెప్పాలా, కాదని చెప్పాలా? ఆట ఏమిటో తెలియకపోతే ఎట్లా చెప్పేది?

అందుకే ఈ ఆట తెలుసుకుందాం.

ముందు ఒక మనిషి గురించి. ఎర్రావారిపాళెం మండలంలో యనమలవారిపల్లె అని ఒక ఊరు. ఆ మండలం అప్పట్లో చిత్తూరు జిల్లా. 2022 నుంచి తిరుపతి జిల్లా. ఆ ఊరి అమ్మాయి ఎతిమరపు రజని. 1990లో పుట్టింది. ఇంట్లో వాళ్ళది వడ్రంగి పని. చెక్క కోసి, చిత్రిక పట్టి బతికే కుటుంబం. ఆ ఇంటి బిడ్డ చేతికి హాకీ కట్టె వచ్చింది. ఆ కట్టె పట్టుకుని ఆమె భారతదేశం జట్టులోకి పోయింది. 2017లో జపానులో ఆసియా కప్పు గెలిచిన జట్టులో ఉంది. 2018లో జకార్తాలో ఆసియా క్రీడల వెండి పతకం తెచ్చిన జట్టులో ఉంది. 2022లో కామన్వెల్తు క్రీడల కంచు పతకం తెచ్చిన జట్టులోనూ ఉంది.

రజని ఆడేది గోలీగా. గోలీ అంటే గోలుకు కాపలా మనిషి. చెనిక్కాయ చేనుకు కాపలా ఉన్నట్టే. కాకపోతే ఇక్కడ వచ్చేది పంది కాదు, బంతి.

సరే, ఆటలోకి పోదాం.

మైదానం పొడవు 91.4 మీటర్లు. వెడల్పు 55 మీటర్లు. ఇదేం లెక్క, 91.4 అని ఎవరైనా అడుగుతారు. ఇది ఇంగ్లీషువాళ్ళు గజాలలో కొలిచిన ఆట. తర్వాత మీటర్లలోకి మార్చారు. గజాలలో చెబితే సులభం. పొడవు 100 గజాలు. వెడల్పు 60 గజాలు. ఆరు గజాల చీరలు పదిహేడు వరసగా పరిస్తే మైదానం ఈ కొస నుంచి ఆ కొసకు అందుతుంది. అంత దూరం ఆడపిల్లలు గంటసేపు పరిగెత్తుతారు.

మైదానం రెండు కొసలలో రెండు గోళ్ళు ఉంటాయి. చేతి గోళ్ళు కాదు! గోలు అంటే వాకిలి లాంటిది. రెండు కంబాలు, పైన ఒక అడ్డ కంబం, వెనక వల. వెడల్పు 12 అడుగులు, ఎత్తు 7 అడుగులు. ఎదుటి జట్టు వాకిట్లోకి బంతిని పంపాలి. మన వాకిట్లోకి రానివ్వకూడదు. ఆట మొత్తం ఇంతే. మిగతావన్నీ ఎట్లా పంపొచ్చు, ఎట్లా పంపకూడదు అనేవే.

ఒక్కో జట్టులో 11 మంది ఆడతారు. అందులో ఒకరు గోలీ. పక్కన బెంచీ మీద ఇంకొంతమంది ఉంటారు. ఒకరు అలిసిపోతే బయటికి వస్తారు, ఇంకొకరు లోపలికి పోతారు. ఆట ఆపకుండానే మారొచ్చు. ఎన్నిసార్లైనా మారొచ్చు. ఒకసారి బయటికి వచ్చిన పిల్ల మళ్ళీ పోవచ్చు. కాబట్టి మీ పాపను బయటికి పిలిస్తే "మా బిడ్డను తీసేసినారే" అని బాధపడే పని లేదు. నీళ్ళు తాగి మళ్ళీ పోతుంది.

ఆట నాలుగు భాగాలు. ఒక్కో భాగం 15 నిమిషాలు. నడుమ నడుమ విరామం. సగం ఆట అయినాక విరామం కొంచెం ఎక్కువ. పాతకాలంలో 35 నిమిషాల భాగాలు రెండే ఉండేవి. మన ఊర్లలో ఇంకా కొందరు పెద్దవాళ్ళు ఆ లెక్కే చెబుతారు.

ఇక కట్టె. హాకీ కట్టె కింద వంకీ తిరిగి ఉంటుంది. ఒక పక్క చదును. ఇంకో పక్క గుండ్రం. చదును పక్కతోనే బంతిని కొట్టాలి. గుండ్రం పక్క తగిలితే తప్పు. అంపైరు ఈల వేస్తాడు. కట్టె పైకొసన ఎడమ చెయ్యి, దాని కింద కుడి చెయ్యి. ఎడమచేతి వాటం పిల్లలకు వేరే కట్టె లేదు. అందరికీ ఒకటే కట్టె, ఒకటే పట్టు. వాళ్ళకు మొదట్లో కష్టంగా ఉంటుంది. తిట్టకుండా నేర్పాలి.

ఈ కట్టెలు ఒకప్పుడు మల్బరీ చెట్టు చెక్కతో చేసేవాళ్ళు. పలమనేరు, కుప్పం వైపు పట్టుపురుగులకు మేపుతారే, ఆ మల్బరీ జాతే. ఆ చెక్కకు వంగే గుణం ఉంది, విరగని గుణం ఉంది. ఇప్పుడు పెద్ద పోటీలలో కార్బను నారతో చేసిన కట్టెలు వాడుతున్నారు. బరువు 737 గ్రాములు దాటకూడదు.

బంతి మాత్రం గట్టిది. రబ్బరు బంతి మాదిరి మెత్తగా ఉండదు. బరువు 156 నుంచి 163 గ్రాములు. అంటే క్రికెట్టు బంతి అంత. తగిలితే దెబ్బే. ఈ మాట దాచకూడదు. తల్లులు మొదట అడగాల్సింది దీని గురించే. ఆడే పిల్లకు మోకాలి కింద కట్టుకునే కాపు ఉండాలి. పళ్ళకు పెట్టుకునే కాపు ఉండాలి. ఈ రెండూ లేకుండా గట్టి బంతితో ఆడించడం మంచిది కాదు. బడిలో లేకపోతే అడగండి. అడిగేదానికి మొహమాటం వద్దు. పన్ను పోతే తిరిగి రాదు.

ఇక తప్పులు. ఈ ఆటలో పెద్ద తప్పు కాలు. బంతి కాలికి తగలకూడదు. ఫుట్‌బాలులో కాలితో తన్నుతారు. హాకీలో కాలితో ఆపితే తప్పు. చెయ్యి తగిలినా తప్పే. అంతా కట్టెతోనే. గోలీకి ఒక్కదానికే సడలింపు. తన గోలు ముందు గీత గీసిన చోట ఆమె కాళ్ళతో తన్నొచ్చు, చేతులతో నెట్టొచ్చు, ఒళ్ళు అడ్డం పెట్టొచ్చు. కానీ బంతిని పట్టుకుని దాచుకోకూడదు. దాని మీద పడుకోకూడదు. ఆ గీత దాటి బయటికి వస్తే ఆమెకూ కట్టె ఒక్కటే దిక్కు.

రెండో తప్పు అడ్డం నిలవడం. కుళాయి దగ్గర చూడండి. బిందె కింద పెట్టి, వెనక వాళ్ళకు కుళాయి అందకుండా వీపు తిప్పి నిలబడతారు కొందరు. హాకీలో అట్లా చేయకూడదు. బంతికి ఎదుటి పిల్లకు మధ్య మన ఒళ్ళు అడ్డం పెట్టి దారి మూయకూడదు. బంతిని తీసుకుని కదలాలి. ఎదుటి పిల్ల కట్టెను కొట్టకూడదు. ఒంటిని తాకి తొయ్యకూడదు. బంతిని మాత్రమే లాక్కోవాలి.

మూడో తప్పు ప్రమాదం. మనుషుల మీదికి బంతిని లేపి కొడితే తప్పు. గోలుకు కొట్టేటప్పుడు లేపొచ్చు. మిగతా చోట్ల గట్టిగా కొట్టి లేపకూడదు. ఈ నియమం మంచి నియమం. ఇది లేకపోతే ఆడే వాళ్ళ కన్నా ఆసుపత్రికి పోయే వాళ్ళే ఎక్కువ అవుతారు.

తప్పు జరిగితే అంపైరు ఈల వేస్తాడు. ఇద్దరు అంపైర్లు ఉంటారు, మైదానం చెరి సగం. తప్పు జరిగిన చోటనే ఎదుటి జట్టుకు బంతి ఇస్తారు. అవతలి వాళ్ళు 5 మీటర్లు వెనక్కి పోవాలి. అంటే చీర పొడవుకు కాస్త తక్కువ. బంతి పక్క గీత దాటి పోతే, చివర తాకని జట్టుకు ఇస్తారు.

ఇప్పుడు ముఖ్యమైన చోటికి వచ్చాం. గోలు ముందర అర్ధచంద్రంలా ఒక గీత ఉంటుంది. గోలు నుంచి 16 గజాల దూరం. దాన్ని "డి" అంటారు, ఇంగ్లీషు అక్షరం ఆకారంలో ఉంటుందని. ఈ డి లోపల మన పిల్ల కట్టె బంతికి తగిలి, ఆ తర్వాత బంతి గోలులోకి పోతేనే గోలు. డి బయట నుంచి ఎంత గట్టిగా కొట్టినా, ఎవరూ ముట్టుకోకుండా లోపలికి పోతే లెక్కలోకి రాదు. చూసే వాళ్ళు చప్పట్లు కొడతారు, అంపైరు మాత్రం గోలు ఇవ్వడు. అప్పుడు "అంపైరు మోసం చేసినాడు" అని అరవకండి. ముందు డి గీత చూడండి.

డి లోపల కాపలా జట్టు తప్పు చేస్తే శిక్ష పెద్దది. దాని పేరు పెనాల్టీ కార్నర్. ఇది ఎట్లా ఉంటుందో ఒకసారి మనసులో చూసుకోండి. కాపలా జట్టులో గోలీతో కలిపి అయిదుగురే గోలు గీత వెనక నిలబడతారు. మిగతావాళ్ళు మైదానం నడిమి గీత అవతలికి పోవాలి. దాడి జట్టు వాళ్ళు డి బయట చుట్టూ నిలబడతారు. ఒక పిల్ల గోలు కంబానికి 10 మీటర్ల పక్క నుంచి బంతిని లోపలి నుంచి బయటికి నెడుతుంది. బంతి డి దాటాక ఇంకో పిల్ల దాన్ని ఆపుతుంది. మూడో పిల్ల డి లోపలికి తెచ్చి గోలుకు కొడుతుంది. ఆ లోపలే కాపలా అయిదుగురిలో నలుగురు ఎదురు పరుగు తీస్తారు. వాళ్ళు ముఖానికి ముసుగు పెట్టుకుంటారు. ఎందుకంటే బంతి మీదికే వస్తుంది. మొదటి దెబ్బ గట్టిగా కొట్టేదైతే బంతి ఒకటిన్నర అడుగు ఎత్తు లోపలే గోలులోకి పోవాలి. కట్టెతో ఈడ్చి విసిరేదైతే ఎత్తు లెక్క లేదు. అందుకే పెద్ద జట్లన్నీ ఈడ్చి విసరడం నేర్చుకుంటాయి.

ఇదంతా రెండు మూడు సెకన్లలో అయిపోతుంది. రెప్ప వేస్తే కనబడదు.

టోక్యో ఒలింపిక్స్ 2021లో జరిగాయి. మన ఆడపిల్లల జట్టు ఆస్ట్రేలియాతో తలపడింది. ఆస్ట్రేలియా బలమైన జట్టు. మన వాళ్ళు గెలుస్తారని ఎక్కువ మంది అనుకోలేదు. గుర్జీత్ కౌర్ అనే పిల్ల ఒక పెనాల్టీ కార్నర్‌ను గోలు చేసింది. ఆ ఒక్క గోలుతోనే 1–0 తేడాతో గెలిచారు. మిగతా ఆటంతా గోలీ సవిత అడ్డం నిలబడి కాపాడింది. తర్వాత కంచు పతకం ఆటలో 3–4 తేడాతో బ్రిటన్ చేతిలో ఓడిపోయారు. నాలుగో స్థానం వచ్చింది. 1980లో మాస్కోలో ఆడవాళ్ళ హాకీని మొదటిసారి ఒలింపిక్స్‌లో పెట్టినప్పుడు కూడా మనకు నాలుగో స్థానమే. ఆ తర్వాత 2016 దాకా, 36 ఏళ్ళు, మన ఆడపిల్లలు ఒలింపిక్స్ ముఖమే చూడలేదు.

2016లోనూ, టోక్యోలోనూ రజని అదనపు గోలీగా ఉంది. అదనపు గోలీ అంటే ఏమి? జట్టుతో పాటు రోజూ సాధన చెయ్యాలి. అదే ఎండ, అదే చెమట. కానీ ఆటలో పేరు ఉండదు. ముందున్న గోలీకి దెబ్బ తగిలితేనే పిలుపు. పెళ్ళిలో పొయ్యి దగ్గర ఉండే వాళ్ళను చూడండి. వంట అంతా వాళ్ళదే, ఫొటోలో మాత్రం ఉండరు. అయినా టోక్యో నుంచి వచ్చాక ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రజనికి 25 లక్షల రూపాయలు, తిరుపతిలో 1,000 గజాల స్థలం ప్రకటించింది. ఇది సరైన పనే.

డి లోపల ఇంకా పెద్ద తప్పు జరిగితే, అంటే ఖాయంగా పడే గోలును తప్పు చేసి ఆపితే, పెనాల్టీ స్ట్రోక్ ఇస్తారు. 7 గజాల దూరంలో బంతి పెడతారు. ఒక పిల్ల కొడుతుంది, గోలీ ఒక్కతే కాపాడాలి. బంతి కదిలేదాకా గోలీ కాళ్ళు గీత మీద నుంచి కదలకూడదు.

తప్పు చేసిన మనిషికి అంపైరు కార్డు చూపిస్తాడు. ఇది అక్షరాలు రాని వాళ్ళకు కూడా అర్థమయ్యేలా పెట్టారు. పచ్చ కార్డు మూడు మూలలది. రెండు నిమిషాలు బయట కూర్చోవాలి. పసుపు కార్డు నాలుగు మూలలది. తక్కువలో తక్కువ అయిదు నిమిషాలు బయటే. ఎర్ర కార్డు గుండ్రంది. ఇక ఆ రోజుకు ఆట లేదు. ఆ పిల్ల బయట ఉన్నంతసేపూ జట్టు ఒక మనిషి తక్కువతో ఆడాలి. ఒకరి కోపానికి పదిమంది కష్టపడాలి.

ఆట అయ్యేసరికి రెండు జట్లకూ గోళ్ళు సమానమైతే? గెలిచిన వాళ్ళు తేలాల్సిన పోటీలలో షూటౌట్ పెడతారు. ఒక పిల్ల 25 గజాల దూరం నుంచి బంతితో బయలుదేరుతుంది. ఎదురుగా గోలీ ఒక్కతే. 8 సెకన్లలో గోలు చెయ్యాలి. గోలీ ముందుకు రావొచ్చు, పడిపోయి అడ్డుకోవచ్చు. ఒక్కో జట్టుకు అయిదుగురు.

ఈ 8 సెకన్ల మీదనే 2022లో పెద్ద గొడవ జరిగింది. కామన్వెల్తు క్రీడల సెమీ ఫైనల్. మనకూ ఆస్ట్రేలియాకూ 1–1 సమానం. షూటౌట్ మొదలైంది. ఆస్ట్రేలియా పిల్ల మొదటి ప్రయత్నం సవిత ఆపేసింది. మన వాళ్ళు సంతోషపడ్డారు. అప్పుడు చెప్పారు, గడియారం నడవలేదు, మళ్ళీ కొట్టాలి అని. మళ్ళీ కొడితే గోలు అయింది. మన వాళ్ళు ఆ షూటౌట్ ఓడిపోయారు. తర్వాత ప్రపంచ హాకీ సంఘం క్షమాపణ చెప్పింది. క్షమాపణ చెప్పినా ఫైనల్ ఆట తిరిగి రాలేదు. రెండు రోజులకు అదే పిల్లలు న్యూజిలాండుతో ఆడారు. మళ్ళీ 1–1. మళ్ళీ షూటౌట్. ఈసారి 2–1 తేడాతో గెలిచి కంచు పతకం తెచ్చుకున్నారు. ముందు రోజు ఏడ్చుకుంటూ కూర్చుని ఉంటే ఆ పతకం వచ్చేది కాదు.

ఇక చిన్న హాకీ ఒకటి ఉంది. జట్టుకు అయిదుగురే. చిన్న మైదానం, ఆట కూడా తక్కువసేపు. 2024 జనవరిలో మస్కట్‌లో దీనికి ప్రపంచ కప్పు పెట్టారు. మస్కట్ అంటే మన కడప, చిత్తూరు వైపు నుంచి కూలికి పోయే వాళ్ళకు బాగా తెలిసిన ఊరు. ఆ కప్పులో భారత ఆడపిల్లల జట్టుకు నాయకురాలు మన రజనే. ఏళ్ళ తరబడి రెండో గోలీగా ఎదురుచూసిన మనిషి, అక్కడ ముందు నడిచింది. జట్టు ఫైనల్ దాకా పోయింది. ఫైనల్‌లో నెదర్లాండ్స్ 7–2తో గెలిచింది. మనకు వెండి.

హాకీకి చుట్టం లాంటి ఇంకో ఆట ఉంది. పేరు లక్రాస్. అమెరికా ఖండంలో అక్కడి ఆదివాసులు పుట్టించిన ఆట. కట్టె కొసన చిన్న వల బుట్ట ఉంటుంది. బంతిని నేల మీద కొట్టరు. బుట్టలో పట్టుకుని పరిగెత్తుతారు, విసురుతారు. అందులోనూ గోలు ఉంది, గోలీ ఉంది. 2028లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో దీన్ని పెడుతున్నారు. అక్కడ జట్టుకు ఆరుగురు. మన పిలకాయలు చిల్లాకట్టె ఆడినట్టే, ఎక్కడి పిల్లలైనా కట్టె దొరికితే ఏదో ఒక ఆట పుట్టిస్తారు కదా!

చివరగా, ఇంటికి వచ్చే కాగితం గురించి. బిడ్డను పోటీకి వేరే ఊరు తీసుకుపోయే ముందు బడివాళ్ళు తల్లిదండ్రుల సంతకం అడుగుతారు. ఇంతకాలం చాలా ఇళ్ళలో నాయన వేలిముద్ర వేసేవాడు. ఇప్పుడు మీకు చదవడం వచ్చు. కాగితం మీరే చదవండి. ఏ ఊరికి పోతున్నారు? ఏ తేదీన పోయి ఏ తేదీన వస్తారు? పిల్లలతో ఆడ టీచరు ఎవరు వస్తున్నారు? రాత్రి ఎక్కడ పడుకుంటారు? మరుగుదొడ్డి ఉందా? నెల నెలా బహిష్టు వస్తే గుడ్డలు మార్చుకునే చోటు ఉందా? దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు ఎవరిది? కాగితంలో లేకపోతే అయ్యోరిని అడిగి, ఆయన చేతే రాయించండి. ఖాళీ వదిలిన గీతలు ఉంటే అవి నింపిన తర్వాతే సంతకం పెట్టండి. పెట్టిన సంతకం కింద తేదీ వెయ్యండి. ఇంకో కాపీ అడిగి ఇంట్లో రేషను కార్డుతో పాటు పెట్టుకోండి.